జీవితాంతం అదే రేటు అంటే ఎవరి జీవితం?

అరిజోనాలోని చాండ్లర్‌లో మన తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా అలాగే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా అండి? సరే. ఇంటర్నెట్ బిల్లులు తెచ్చుకోమని గ్రూపులో మెసేజ్ పెట్టాను కదా, తెచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఏడుగురు. చాలు, ఏడు బిల్లులు చాలు మనకి. వాటిని బయటికి తీసి పెట్టుకోండి, చివర్లో వాటితో పనుంది.

అమెరికా సంగతికి ముందు గుంటూరు సంగతి చెప్తాను. 2006 మొదట్లో మా నాన్నగారు 999 రూపాయలు పెట్టి లైఫ్‌టైమ్ సిమ్ తీసుకున్నారు. గుర్తుందా ఆ రోజులు? ఏ సెంటర్‌కి వెళ్లినా గోడల మీద లైఫ్‌టైమ్, కిరాణా కొట్టు ముందు లైఫ్‌టైమ్, బస్టాండులో లైఫ్‌టైమ్. ఒక్కసారి కట్టేస్తే ఇన్‌కమింగ్ జీవితాంతం ఉచితం, నెలనెలా రీఛార్జి బెడద లేదు. నాన్న ఆ రసీదుని నాలుగు మడతలు పెట్టి, ఇంటి పన్ను రసీదులతో కలిపి బీరువాలో పెట్టారు. పెట్టి నన్ను ఒక మాట అడిగారు. "లైఫ్‌టైమ్ అంటున్నారు గదరా, నా లైఫా, ఫోను లైఫా, కంపెనీ లైఫా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్న గురించే.

ఆ ప్రశ్నకి ట్రాయ్, అంటే ఇండియాలో ఫోను కంపెనీలని నియంత్రించే సంస్థ, జవాబు చెప్పింది. అదే ఏడాది మార్చిలో ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వులో, లైఫ్‌టైమ్ ప్లాను అంటే ఆ కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలం అని రాసింది, లైసెన్సు రెన్యూ అయితే అప్పటిదాకా అని కూడా రాసింది. ఇంకో మంచి పని కూడా చేసింది. మా లైసెన్సు ఫలానా నెల, ఫలానా ఏడాదిలో ముగుస్తుంది అని లైఫ్‌టైమ్ అమ్మేటప్పుడే కస్టమర్‌కి చెప్పి తీరాలి అంది. అంటే జీవితం మా నాన్నది కాదు, లైసెన్సుది. తర్వాత 2018 చివరికి వచ్చేసరికి ఏమైంది? నెలకి కనీసం 35 రూపాయలు వేయించకపోతే ముందు అవుట్‌గోయింగ్, ఆ తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయని మెసేజీలు మొదలయ్యాయి. ఖాతాలో డబ్బు ఉన్నవాళ్లని కట్ చేయొద్దని మళ్లీ ట్రాయే కల్పించుకోవాల్సి వచ్చింది. నాన్న ఆ పాత రసీదు పట్టుకుని కొట్టుకి వెళ్లారు. కొట్టు అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడివి లేవండీ, 35 వేయించండి" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు. కానీ పన్నెండేళ్లు దాచుకున్న కాగితం అండి అది. నాన్న దాన్ని చింపలేదు, మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారు.

మా ఊళ్లో పశువుల సంతకి వెళ్లినవాళ్లు ముందు పశువుని చూస్తారు, తర్వాత పలుపు పట్టుకుని అది ఏ గుంజకి కట్టి ఉందో చూస్తారు. గుంజ కదిలితే పశువు పోతుంది. ధర హామీ కూడా అంతే. జీవితాంతం అనే మాట దేనికో ఒకదానికి కట్టి ఉంటుంది. దేనికి కట్టారు? మీ పేరుకా, మీ ఇంటి నంబరుకా, ప్లాను పేరుకా, కంపెనీకా? గుంజ ఏదో తెలియకుండా పలుపు పట్టుకుని ఇంటికి వచ్చేస్తున్నాం మనం.

ఇక్కడి సంగతికి వద్దాం. 2017 ప్రాంతంలో సెంచురీలింక్ అనే కంపెనీ ప్రైస్ ఫర్ లైఫ్ అని మొదలుపెట్టింది, ఫీనిక్స్‌లో పాతకాపులకి తెలుసు. కొన్నాళ్లకి దాని కింద గిగాబిట్ ఫైబర్, అంటే సన్న గాజు తీగ మీద వచ్చే బాగా వేగమైన ఇంటర్నెట్, నెలకి 65 డాలర్లు, జీవితాంతం. మంచి ఆఫరే, కాదనను. 2018తో పోలిస్తే ఈ దేశంలో ధరలన్నీ నాలుగో వంతుకి పైగా పెరిగాయి. పాలు పెరిగాయి, గుడ్లు పెరిగాయి, అద్దెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వాటి మధ్య 65 అలాగే ఉందంటే అది నిజంగా లాభమే. కానీ షరతు ఏమిటి? అదే చిరునామాలో ఉండాలి, అదే ప్లానులో ఉండాలి, బిల్లు సరిగ్గా కడుతూ ఉండాలి. పన్నులు, ఫీజులు, మోడెం అద్దె హామీలోకి రావు. ఇంతే. మూడు ముక్కలు. ఇది దాచిపెట్టిన రహస్యమేం కాదు, కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

చదివామా? నేను చదవలేదు.

నా సంగతి చెప్తాను. ఇక్కడికి రాకముందు, వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు. కంపెనీ పేరు అనవసరం. అక్కడ కూడా ఇలాంటిదే, జీవితాంతం మారని ధర అని తీసుకున్నాం. రెండేళ్ల తర్వాత ఇల్లు కొనుక్కుని మారాం. ఎంత దూరం అనుకున్నారు? మైలున్నర. పిల్లల స్కూలు అదే, గ్రోసరీ అదే, ఇంటర్నెట్ కంపెనీ అదే. ఫోన్ చేసి సర్వీసు మార్చమంటే ఆవిడ చాలా మర్యాదగా, "తప్పకుండా, మీ అకౌంటు అలాగే ఉంటుంది" అంది. అకౌంటు అలాగే ఉంది నిజమే, నంబరు కూడా మారలేదు. మొదటి బిల్లులో ధర మాత్రం పదిహేను డాలర్లు ఎక్కువ. మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఇంకొకాయన. "ఆ ధర పాత చిరునామాకండీ, కొత్త చిరునామాకి కొత్త ధర" అన్నాడు. నేను అదే మనిషిని కదా అన్నాను. అవునండీ అన్నాడు. ఏం చేస్తాం? గంటన్నర మాట్లాడాను, మా ఆవిడ పక్కన కూర్చుని పాత ఈమెయిల్ వెతుకుతోంది. దొరికింది. అందులో మూడో పేరాలో రాసి ఉంది, అదే చిరునామాలో కొనసాగినంతకాలం అని. నెలకి పదిహేను అంటే ఏడాదికి 180 డాలర్లు. డబ్బు కంటే కూడా, ఆ మెయిల్ రెండేళ్ల నుంచి నా ఇన్‌బాక్సులోనే ఉందనే బాధ ఎక్కువ.

ఇల్లు మారడం కనీసం మనకి తెలిసి జరుగుతుంది. ప్లాను మారడం ఉందే, అది తెలియకుండా జరుగుతుంది, దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. మా పక్కింటాయనకి ఒక రోజు మెసేజ్ వచ్చింది, మీ స్పీడు రెట్టింపు, అదే ధరకి, ఇక్కడ నొక్కండి అని. ఎవరు నొక్కరు చెప్పండి? నొక్కారు. స్పీడు నిజంగానే రెట్టింపయింది, ధర కూడా ఏడాదిపాటు అంతే ఉంది. పదమూడో నెలలో పెరిగింది. అడిగితే, మీరు పాత ప్లాను నుంచి కొత్త ప్లానులోకి వచ్చేశారు, దీనికి ఏడాది హామీయే అన్నారు. పాత ప్లానుకి తిరిగి వెళ్తానంటే అది ఇప్పుడు అమ్మడం లేదన్నారు. కంపెనీ ఏమీ తెంపలేదు చూడండి. ఆయన చేత్తోనే ఆయన పలుపు విప్పించారు. అందుకే చెప్తున్నా, జీవితాంతం ధరలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, అప్‌గ్రేడ్ అనే మాట వినగానే నొక్కకండి. "నా ధర హామీ కొత్త ప్లానుకీ ఉంటుందా?" అని చాట్‌లో అడగండి, ఫోన్‌లో కాదు, చాట్‌లో, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి. అకౌంటు భర్త పేరు నుంచి భార్య పేరుకి మార్చడం, ఆటోపే తీసేయడం, వెకేషన్ హోల్డ్ పెట్టి, అంటే సర్వీసు కొన్నాళ్లు ఆపించి, ఇండియా వెళ్లడం, ఇవి కూడా కొన్నిచోట్ల ధరని మార్చేస్తాయి. ముందు అడిగి అప్పుడు చేయండి.

అలాగే ఫీజుల సంగతి. ధర మారదు అన్నారు కదా, మరి బిల్లు ఎందుకు మారుతుంది? ఎందుకంటే హామీ ఇచ్చింది బిల్లులో ఒక్క వరసకే. కింద ఇంకో నాలుగు వరసలుంటాయి. సెంచురీలింక్ మీద కొలరాడో అటార్నీ జనరల్, మిన్నెసోటా అటార్నీ జనరల్, అంటే ఆ రాష్ట్రాల తరఫున వాదించే పెద్ద లాయర్లు, వేరువేరుగా చర్యకి దిగింది ఈ బిల్లుల విషయంలోనే, ఒప్పుకున్న ధర ఒకటి, బిల్లులో వచ్చింది ఒకటి అని. ఇంటర్నెట్ కాస్ట్ రికవరీ ఫీ అని ఒక వరస ఉండేది, చూస్తే ప్రభుత్వం వేసిన పన్నులా కనిపిస్తుంది, కానీ అది కంపెనీ వేసుకున్నదే. 2019 డిసెంబరులో కొలరాడోతో సుమారు 85 లక్షల డాలర్లకి, 2020 జనవరిలో మిన్నెసోటాతో దాదాపు 90 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకున్నారు. ఆ డబ్బు ఊరికే రాలేదు, మనలాంటివాళ్లు బిల్లు పట్టుకుని ఫిర్యాదు రాస్తే వచ్చింది.

ఇక మాటకి అర్థమే మార్చేస్తే? అది కూడా జరిగింది. ఇది ఫైబర్ కాదు, మొబైల్, కానీ సంగతి ఇదే. 2017 జనవరిలో టీ-మొబైల్ వాళ్లు టీ-మొబైల్ వన్ ప్లానుకి పెద్ద ప్రకటన ఇచ్చారు, మీరు మార్చుకుంటే తప్ప మీ ధరని మేం ఎప్పటికీ మార్చం అని. ఎప్పటికీ. వెబ్‌సైటులో ప్రశ్నలూ జవాబుల పేజీలో మాత్రం ఇంకో మాట ఉంది. మేం గనక ధర పెంచితే, మీరు వెళ్లిపోదలచుకుంటే, 60 రోజుల్లో చెప్తే చివరి నెల బిల్లు మేం కడతాం అని. అంటే ఏమిటి? పెంచం అని కాదు, పెంచితే ఒక నెల బిల్లు ఇస్తాం అని. 2024 మేలో పాత ప్లాన్ల మీద లైనుకి రెండు నుంచి ఐదు డాలర్లు పెంచారు. కస్టమర్లు జూలైలో న్యూజెర్సీలో కేసు వేశారు. ప్రకటనల మీద తీర్పు చెప్పే సంఘం కూడా అదే ఏడాది, వాళ్ల హోమ్ ఇంటర్నెట్‌కి ఇచ్చిన ఇలాంటి హామీనే ప్రైస్ లాక్ అని పిలవడం మానండి లేదా మార్చండి అని చెప్పింది. మా ఇంట్లో ఐదు లైన్లు ఉన్నవాళ్లం మేం, అన్న మాట మీద నిలబడకపోతే మనసుకి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు మీరు అడగొచ్చు, ఇన్ని మెలికలు పెట్టేవాళ్లు అసలు జీవితాంతం అని ఎందుకు అంటారు, నష్టం రాదా అని. మంచి ప్రశ్న. నేను పదహారేళ్లుగా నెట్‌వర్క్ పనిలో ఉన్నాను కాబట్టి ఇది కాస్త చెప్పగలను.

మీ గరాజులో ఒక తెల్ల డబ్బా ఉంటుంది చూడండి, దానికి ఆకుపచ్చ మూతి ఉన్న సన్న తీగ వచ్చి తగిలి ఉంటుంది. ఆ తీగలో కరెంటు ఉండదు, వెలుగే. మామూలుగా వీధిలో ఒక ఫైబర్‌ని 32 ఇళ్లకి చీలుస్తారు, ఆ చీల్చే దానికి కూడా కరెంటు అక్కర్లేదు. కాబట్టి ఒకసారి భూమిలో పెట్టాక నెలనెలా ఖర్చు చాలా తక్కువ. ఖర్చంతా తవ్వడంలోనే. మన అరిజోనా నేల మీకు తెలుసు కదా, పెరట్లో నిమ్మ మొక్క పెడదామని తవ్వితే అడుగు లోతులో గునపం టంగుమంటుంది, కలీచీ అంటారు, సున్నం గట్టిపడ్డ పొర. అలాంటి నేలలో ఇళ్ల ముందు నుంచి తీగ తీసుకెళ్లాలి. ఇంటికి వెయ్యి డాలర్లు అనుకుందాం, లెక్క కోసం. వంద ఇళ్ల వీధికి లక్ష. వందలో నలభై మంది తీసుకుంటే ఒక్కో కస్టమర్ మీద 2500 పడింది. ఇరవై మందే తీసుకుంటే 5000. తేడా చూశారా? కంపెనీకి ధర కంటే పెద్ద టెన్షన్ ఇది, ఎంతమంది చేరారు, ఎంతకాలం ఉన్నారు. 65 డాలర్ల చొప్పున పదేళ్లు కదలకుండా ఉన్న కస్టమర్ 7800 ఇస్తాడు. రెండేళ్లకి వెళ్లిపోయేవాడు 1560 ఇస్తాడు, తవ్విన ఖర్చు కూడా రాదు.

అందుకే జీవితాంతం అంటారు. అది మిమ్మల్ని కదలకుండా ఉంచే పలుపు. వదిలి వెళ్తే ఈ ధర మళ్లీ రాదు అనే భయంతో మీరు ఉండిపోతారు. మోసం అనడం లేదు నేను, ఇద్దరికీ లాభం ఉన్న బేరమే అది. మన కేబుల్ కంపెనీలు ఏం చేస్తాయి, కొత్తగా వచ్చినవాడికి 40, పాతవాడికి 85. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు. దానికంటే ఇది నయం. కానీ బేరం అని తెలిసి చేయాలి, దీవెన అనుకుని కాదు.

ఇంకో ఊరి సంగతి చెప్పాలి. కెంటకీలో లూయివిల్. గూగుల్ ఫైబర్ 2017లో అక్కడికి వెళ్లింది. ఖర్చు తగ్గుతుందని రోడ్డు మీద రెండంగుళాల లోతు గాడి కోసి తీగ పెట్టారు. ఏమైంది? తీగలు పైకి లేచి వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఊరే వదిలి వెళ్లిపోయారు. రోడ్లు బాగుచేసుకోవడానికి నగరానికి 38 లక్షల డాలర్ల పైన కట్టారు. కస్టమర్లకి రెండు నెలలు ఫ్రీ ఇచ్చారు. గుంజే పీకేస్తే ఇంక పలుపు ఏముంది?

అదే గూగుల్ ఫైబర్ కాన్సస్ సిటీలో చూడండి. 2012లో గిగాబిట్ 70 డాలర్లు అని మొదలుపెట్టారు. జీవితాంతం అని ఎవరూ అనలేదు. పన్నెండేళ్లు దాటి 2025 వచ్చినా ఆ గిగాబిట్ ధర 70 దగ్గరే ఉంది. మాట ఇచ్చినచోట పెరిగింది, మాట ఇవ్వనిచోట నిలిచింది. ఎందుకు? ఒక కారణం నాకు బాగా కనిపిస్తుంది. వాళ్లు ఎప్పుడూ రెండో తీగగానే వచ్చారు, వీధిలో అప్పటికే ఒక కేబుల్ కంపెనీ ఉంటుంది, ధర పెంచితే జనం అటు పోతారు. మన ఇండియాలో జియోఫైబర్ 2020 ఆగస్టు చివర్లో 399 ప్లాను తెచ్చింది, జీఎస్టీ అదనం అనుకోండి, ఆ దెబ్బకి మిగతావాళ్లంతా ఆ ధర దగ్గరికి దిగాల్సి వచ్చింది. ఇక్కడ 2025 ఏప్రిల్‌లో కాంకాస్ట్ అంతటి పెద్ద కేబుల్ కంపెనీ ఐదేళ్ల ధర హామీ ఎందుకు తెచ్చింది? మంచితనమా? అంతకుముందు మూడు నెలల్లోనే దాదాపు రెండు లక్షల బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్లు పోయారు వాళ్లకి, ఫైబర్ వైపు కొందరు, 5జీ హోమ్ ఇంటర్నెట్ వైపు కొందరు. కాబట్టి మీ వీధిలో రెండో కంపెనీ తవ్వుతామని వస్తే, మన పక్కన మేసాలో తవ్వినట్టు, రోడ్డు పాడవుతుందని, వాకిట్లో గులకరాళ్లు చెదురుతాయని అడ్డం పడకండి. హెచ్‌ఓఏ, అంటే మన కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, మీటింగుకి వెళ్లి సరే అని చేయి ఎత్తండి. మీరు తీసుకోకపోయినా సరే. అది ఉన్నందుకే మీ ధర ఆగుతుంది.

మన ఊరికి దగ్గర సంగతి ఒకటి మిగిలింది. సెంచురీలింక్ మాతృ సంస్థ లూమెన్, తన ఇళ్ల ఫైబర్ వ్యాపారాన్ని ఏటీ అండ్ టీకి 575 కోట్ల డాలర్లకి అమ్ముతున్నట్టు 2025 మే 21న ప్రకటించింది. క్వాంటమ్ ఫైబర్ పేరుతో ఇళ్లకి ఇచ్చింది అదే. డెన్వర్, సియాటిల్, సాల్ట్ లేక్ సిటీ, వాటితో పాటు మన ఫీనిక్స్. పది లక్షల మంది కస్టమర్లు. ఈ గదిలో కూడా ఉన్నారు. జీవితాంతం ధర అని తీసుకున్నవాళ్లకి ఇప్పుడు చేతిలో ఉన్న ఆధారం ఏమిటి? తీసుకున్న రోజు వచ్చిన ఈమెయిల్, ఆ రోజు ఒప్పుకున్న షరతుల కాపీ. వెబ్‌సైటు మీద పాత పేజీ ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. ఆ మెయిల్ వెతికి, పీడీఎఫ్ చేసి, ఒక కాపీ ప్రింట్ తీసి, ఇంటి కాగితాల ఫైల్లో పెట్టండి.

కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక సాయం ఉంది. 2024 ఏప్రిల్ 10 నుంచి పెద్ద కంపెనీలు, అక్టోబరు 10 నుంచి చిన్నవి, ప్రతి ప్లానుకీ ఒక చీటీ చూపించాలని ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడి ట్రాయ్ లాంటి ప్రభుత్వ సంస్థ, పెట్టిన రూలు. బిస్కెట్ ప్యాకెట్ వెనక క్యాలరీల పట్టిక ఉంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. నెల ధర ఎంత, ఇది మొదటి కొన్నాళ్ల ధరా కాదా, అయితే ఎన్ని నెలలు, తర్వాత ఎంత, వేరే ఫీజులేమిటి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. అమ్మేవాళ్లు ఎంత తీయగా చెప్పినా ఆ చీటీ ఫొటో తీసుకోకుండా సంతకం పెట్టకండి. తేడా వస్తే ముందు కంపెనీని అడగండి, నీళ్లు నమిలితే ఎఫ్‌సీసీ సైటులో ఫిర్యాదు రాయండి. ఉచితం. ఫిర్యాదు వాళ్లకి అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫోన్‌లో గంటన్నర వాదించినదానికంటే ఆ ఒక్క పేజీకి బలం ఎక్కువ.

ఎవరో అడుగుతున్నారు... ఏంటండీ? ఐదేళ్ల హామీ మంచిదా, జీవితాంతం మంచిదా అనా? నన్నడిగితే, ఒకే ధర అయితే ఐదేళ్లదే తీసుకుంటాను. ఎందుకంటే దానికి తేదీ ఉంది. క్యాలెండర్లో రాసుకోవచ్చు, ఆ తేదీకి రెండు నెలల ముందు వీధిలో ఇంకెవరున్నారో చూసుకోవచ్చు. జీవితాంతం దానికి తేదీ లేదు, షరతే ఉంది. కానీ మీరు సొంతింట్లో ఉండి, పదేళ్లు కదలం అనుకుంటే, ప్లాను ముట్టుకోకుండా ఉండగలిగితే, జీవితాంతమే మేలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి, చిరునామాకి కట్టిన హామీ అయితే, దానికోసం నెలకి ఐదు డాలర్లు కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

సరే, ఇప్పుడు ఆ ఏడు బిల్లులు. ఆంటీ గారు, మీరు వచ్చే నెల అబ్బాయి వాళ్లింటికి మారుతున్నానని ఇందాక చెప్పారు కదా, ముందు మీదే చూద్దాం. ఇటివ్వండి. ఫోన్ చేసి సర్వీసు మార్చమని చెప్పేశారా? ఇంకా లేదా, మంచిపని చేశారు. రెండో పేజీ కూడా కావాలండీ, కింద చిన్న అక్షరాలున్న పేజీ. ఆఁ, ఇదే. ఆ లైటు కాస్త వేస్తారా ఎవరైనా?